ఏడు గింజల నీళ్ళు

పసికందుల వార్డులో గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. పోలీసు మేజర్ హాతెమ్ మధ్యాహ్నం మూడింటి వరకే గడువిచ్చాడు. మూడు కాగానే నర్సు ఇన్సాఫ్‌కి బేడీలు వేసి తీసుకుపోతానని, ప్రాసిక్యూటర్ సంతకం పెట్టిన కాగితం తన చొక్కా జేబులోనే ఉందని, ఆ జేబు తట్టి మరీ చెప్పాడు.

డాక్టర్ దౌలత్ ఆ జేబు వంక చూడలేదు. నాలుగో నంబరు గాజుపెట్టెలో పడుకున్న పిల్ల వంక చూసింది. కిలో మూడు వందల గ్రాముల పిల్ల. పొద్దున ఆరింటి నుంచి పాలు ముట్టలేదు, ఒళ్ళు చల్లబడుతోంది. ఈ నెలలో ఈ వార్డులో పోయిన ముగ్గురికీ ఇలాగే మొదలైంది. అరవై ఏళ్ళకు దగ్గరపడిన దౌలత్ ఆరోగ్యశాఖ తరఫున అంటురోగాల ఆరా తీసే మనిషి. ముప్పై ఏళ్ళుగా కంటికి కనపడని నేరస్థుల వెంట తిరుగుతోంది. అయినా పసిపిల్లల చావు దగ్గర ఆవిడ గుండె ఇంకా గట్టిపడలేదు. గట్టిపడినట్టు నటించడం మాత్రం బాగా వచ్చు.

ఆవిడ భయమల్లా ఒకటే. ఇన్సాఫ్‌ని జీపెక్కిస్తే గేటు దగ్గర కాపు కాసిన తండ్రుల కోపం చల్లారుతుంది, ఆస్పత్రి డైరెక్టరు ఊపిరి పీల్చుకుంటాడు, పత్రికలకు ఫోటో దొరుకుతుంది. ఆ తరవాత ఇంకెవ్వరూ దేన్నీ వెతకరు. చంపినదేదో ఈ గదిలోనే, ఈ పిల్ల పక్కనే ఉండిపోతుంది.

మేజర్ కట్టిన కేసు వినడానికి బాగానే ఉంది. మూడో తారీకున ఒక పిల్లాడు పోయాడు, పన్నెండున ఇంకొకడు, ఇరవయ్యో తారీకున ఒక ఆడపిల్ల. ప్రతి చావుకూ సరిగ్గా మూడు రోజుల ముందు ఇన్సాఫ్ ఆరింటి డ్యూటీకి అయిదూ పదికే వచ్చింది. పైకోటు కింద ఏదో దాచుకుని లోపలికి పోవడం వరండా కెమెరాలో మూడుసార్లూ కనిపించింది. ఎందుకు ముందొచ్చావంటే జవాబు లేదు. ఏం దాచావంటే ఏడుపు. మొన్న ఇరవై నాలుగున కూడా అలాగే వచ్చింది. ఇవాళ ఇరవై ఆరు.

“రేపటికి మూడో రోజు, డాక్టరమ్మా. లెక్క మీరే వేసుకోండి” అన్నాడు మేజర్.

పైగా డైరెక్టరు అతని చేతికి ఇంకో ఆయుధం అందించాడు. ముగ్గురు పిల్లల రక్తంలోనూ మూడు వేరు వేరు క్రిములు దొరికాయి. మొదటివాడిలో క్లెబ్సియెల్లా, రెండోవాడిలో ఎంటెరోబ్యాక్టర్, ఆడపిల్లలో సెర్రేషియా. వార్డులో అంటురోగం పుట్టి ఉంటే అందరిలో ఒకే క్రిమి ఉండాలి గదా, మూడు రకాలున్నాయంటే ఎవరో మూడుసార్లు బయటి నుంచి తెచ్చి ఎక్కించినట్టే గదా, అని డైరెక్టరు వాదన. ఆస్పత్రి తప్పు కాదని తేలితే చాలు, ఆయనకు ఏ క్రిమి అయినా ఒకటే.

దౌలత్ చేతిసంచిలోంచి ఒక కాగితం తీసింది. మూడు రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుని ఆవిడ ల్యాబు మనిషి బిషారా చదివిన కాగితం అది. దానిమీద మూడు గుండ్రాలు గీసి ఉన్నాయి. మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే.

“మూడిళ్ళలో దొంగతనం జరిగింది నాయనా” అంది మేజర్‌తో. “దొంగలు ముగ్గురు. ముగ్గురిదీ మూడు ఊళ్ళు. కానీ ముగ్గురి జేబుల్లోనూ ఒకే మారుతాళం దొరికింది. నువ్వు దొంగల్ని లెక్కపెడుతూ కూచుంటావా, తాళం ఎక్కడ తయారైందో వెతుకుతావా?”

ఆ తాళాన్ని ప్లాస్మిడ్ అంటారు. క్రిమికి తన సొంత జన్యువులు కాక విడిగా ఉండే చిన్న ఉంగరం. క్రిమి దాన్ని తన పిల్లలకే కాదు, పక్కనున్న పరాయి క్రిమికి కూడా నకలు తీసి చేతికిస్తుంది. పుచ్చుకున్నది ఏ జాతిదైనా సరే, ఆ ఉంగరంలో ఉన్న విద్యలన్నీ దానికి ఒక్క పూటలో వచ్చేస్తాయి. చెరువులో బతికేదానికి ఆస్పత్రిలో బతకడం వస్తుంది, ఆస్పత్రి మందులు దాన్నేమీ చెయ్యలేవు. ఇదంతా దౌలత్ మేజర్‌కి రెండు ముక్కల్లో చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు.

“బాగుంది. కానీ మీ పురుగులకు సరిపడా చిన్న బేడీలు మా స్టేషన్లో లేవు” అన్నాడు. “నాకు మనిషి కావాలి.”

“మనిషి కావాలని మనిషిని పట్టుకుంటే ఎట్లా?”

“మూడు కుటుంబాలకు నేను జవాబు చెప్పాలి, డాక్టరమ్మా. ఉంగరం చంపిందని చెప్పమంటారా?”

నిజమైతే చెప్పాల్సిందేనని దౌలత్ అంది. అని, బిషారాని పిలిచి ఆ గుండ్రంలో ఎర్రసిరాతో గీసిన ముక్క ఏమిటో చెప్పమంది. బిషారా యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, పోలీసులంటే మొదట్నుంచీ బెదురు. ఉంగరంలో రెండు వింతలున్నాయని నసిగాడు. ఒకటి, ఏ మందూ పని చెయ్యనప్పుడు డాక్టర్లు ఆఖరుగా వాడే ఇంజెక్షన్‌ని కూడా తట్టుకునే విద్య. రెండోది, మైలుతుత్తాన్ని తట్టుకునే విద్య, వరసగా ఏడెనిమిది జన్యువులు.

ఆస్పత్రిలో మైలుతుత్తం ఎవరు వాడతారు? ఎవరూ వాడరు. దాన్ని చేపల చెరువుల్లో నాచు చావడానికి చల్లుతారు. ఆ ఆఖరి మందును కూడా కొందరు చేపల మేతలో కలిపేస్తారు, దొంగతనంగా. ఈ తాళం తయారైంది చేపల చెరువులో అని దౌలత్ అంటూండగానే మేజర్ మొహం వెలిగిపోయింది. తప్పు మాటేమైనా అన్నానా అని ఆవిడ చూస్తే, అతను నోటుపుస్తకం తీసి ఇన్సాఫ్ చిరునామా చదివాడు. మినియత్ సాలిమ్, కాలవగట్టు వీధి, చేపల చెరువుల తూము ఎదుట.

“థాంక్స్ డాక్టరమ్మా. ఇంతవరకూ ఆ ముక్కే నాకు తక్కువైంది.”

తొమ్మిదీ నలభైకి దుప్పట్లు పెట్టే గదిలో ఇన్సాఫ్‌ని కూచోబెట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్ల తలగుడ్డ కింద మొహం వాచిపోయి ఉంది. మేజర్ తలుపు దగ్గరే నిలబడతానన్నాడు. దౌలత్ అతన్ని బయటికి పంపలేదు గానీ తలుపు మాత్రం ఆవిడే వేసి, స్టూలు లాక్కుని ఇన్సాఫ్‌కి మోకాలు తగిలేంత దగ్గరగా కూచుంది. టీ తాగావా అని అడిగింది. తాగలేదంటే తన ఫ్లాస్కులోంచి పోసి ఇచ్చింది. తరవాత పిల్లల గురించి అడిగింది. డ్యూటీ వేళల గురించి గానీ, పైకోటు గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు.

పిల్లల మాట ఎత్తగానే ఇన్సాఫ్‌కి నోరు పెగిలింది. మొదట పోయినవాడు యూనుస్ అంది. ఇరవై రోజులున్నాడు, వేలు అందిస్తే వదిలేవాడు కాదట. రెండోవాడు రబీ. పదకొండు రోజులు. కుడి చెవి మడిచి ఉండేది. ఆమె అలా చెప్పుకుపోతుంటే దౌలత్ ఒళ్ళో ఉన్న కేసుషీట్లు తిప్పి చూసింది. గాజుపెట్టెల మీదా, కాగితాల మీదా ఎక్కడా పిల్లల పేర్లు లేవు. ‘సాబ్రీన్ కొడుకు’, ‘నజ్లా కొడుకు’ అని తల్లుల పేర్లే ఉన్నాయి. ఆ తండ్రులు పిల్లలు దక్కుతారో లేదో అన్న భయంతో పుట్టుక నమోదుకే వెళ్ళలేదు.

“మూడో పిల్ల పేరేంటమ్మా?” అని మెల్లగా అడిగింది.

“దానికి పేరు లేదు డాక్టరమ్మా. అయిదు రోజులే బతికింది.”

దౌలత్ చేతిలో కాగితం ఆగిపోయింది. ఈ దేశంలో బిడ్డకు పేరు పెట్టేది ఏడో రోజున. ఏడో రోజు దాటిన ఇద్దరికీ పేర్లున్నాయి, దాటని పిల్లకు లేదు. అంటే ఇంటికి వెళ్ళలేని ఈ పిల్లలకు ఎవరో ఇక్కడే, ఈ వార్డులోనే, ఏడో రోజు పండుగ చేస్తున్నారు. పైకోటు కింద ఏం దాచుకుని వచ్చేదో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“మగపిల్లాడికి ముక్కు ఉన్న కూజా, ఆడపిల్లకు ముక్కు లేని కూజా” అంది దౌలత్. “కూజా నిండా నీళ్ళు, ఏడు రకాల గింజలు. తెల్లారేదాకా బిడ్డ తలదగ్గర. అంతేనా?”

ఇన్సాఫ్ టీ గ్లాసు కింద పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తలుపు దగ్గర మేజర్ కాళ్ళు మార్చుకుని నిలబడ్డాడు.

తరవాత ఆమె చెప్పినదంతా ఏడుస్తూనే చెప్పింది. పదేళ్ళ కిందట ఆమెకు నెలలు నిండకుండా పిల్లాడు పుట్టాడు. ఇలాంటి గాజుపెట్టెలోనే ఆరు రోజులుండి పోయాడు. ఏడో రోజు రాలేదు గనక వాడికి పేరు లేదు, గింజలు నానబెట్టలేదు, ఎవరూ పాట పాడలేదు. అత్తగారు ఆ బిడ్డను తలుచుకోవలసి వస్తే ‘ఆ పోయింది’ అంటుందట. ఆ మరుసటేడు ఇన్సాఫ్ ఈ వార్డుకొచ్చింది. ఇక్కడ ఏడో రోజు చూసిన ఏ బిడ్డా ఆ లోటుతో ఉండకూడదని ఒట్టు పెట్టుకుంది. ముందు రోజు పొద్దు వాలాక, చిన్న కూజాలో గోధుమలు, వడ్లు, మొక్కజొన్న, బాకలా చిక్కుడు గింజలు, మసూరు, శనగలు, మెంతులు పోసి, ఇంటి ముందు కాలవ నీళ్ళు పట్టి నానబెట్టేది. కుళాయి నీళ్ళకు గింజ మొలకెత్తదని ఆమె అమ్మమ్మ గట్టి నమ్మకం. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు తెచ్చి ఆ బిడ్డ పెట్టె కింద అరగంట ఉంచి, చెవిలో పేరు చెప్పి తీసేసేది. డైరెక్టరుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే నోరు విప్పలేదు.

“తొమ్మిదేళ్ళ నుంచీ చేస్తున్నాను. ఒక్క బిడ్డకు ఒక్క చెడుపు జరగలేదు. నేను పెట్టె మూత కూడా తియ్యను డాక్టరమ్మా, చేతులు కడుక్కోకుండా ఏ బిడ్డనూ ముట్టను.”

ఆ మాట నిజమేనని దౌలత్‌కు తోచింది. వార్డులో చేతులు అందరికంటే ఎక్కువసార్లు కడుక్కునేది ఇన్సాఫేనని మిగతా నర్సులు నవ్వుతూ చెప్పారు. ఆ తాళం కాలవ నీళ్ళతో కూజాలోనే వచ్చి ఉంటుందని ఆవిడ అంటే మేజర్ మాత్రం ఒప్పుకోలేదు. ఇరవయ్యో తారీకున పోయిన పిల్లకు ఏడో రోజే రాలేదు గదా, మరి కూజా దాన్నెలా చంపిందని అడిగాడు. అది మంచి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే కేసు మళ్ళీ అతని జేబులోకే పోతుంది.

దౌలత్ తిరిగి వార్డు చీటీలన్నీ ముందేసుకుంది. పోయిన నెల ముప్పై ఒకటో తారీకున ఏడో రోజు యూనుస్‌ది కాదు, కిటికీ దగ్గరున్న ఇంకో పిల్లాడిది. వాడు నిక్షేపంగా ఇంటికెళ్ళాడు. తొమ్మిదో తారీకున కూడా వేరే బిడ్డదే. పదిహేడున కూడా అంతే. పండుగ చేసుకున్న పిల్లలు బాగున్నారు. మూడు రోజుల తరవాత పోయినవాళ్ళు వేరేవాళ్ళు, ముగ్గురూ చావుకు ముందు ఒకే చోట ఉన్నారు. నాలుగో నంబరు పెట్టె. ఇప్పుడు కిలో మూడు వందల గ్రాముల పిల్ల ఉన్న పెట్టె.

“ఇన్సాఫ్, పండుగ అయ్యాక కూజాలో నీళ్ళేం చేసేదానివి?”

“సింకులో పోసేదాన్ని.”

“బయట మట్టిలో పొయ్యకుండా?”

“బిడ్డ తలదగ్గర పెట్టిన నీళ్ళు కాళ్ళ కింద పడకూడదు గదా, డాక్టరమ్మా. బయట అంతా తొక్కుతారు.”

నాలుగో పెట్టెకు మూరెడు దూరంలో చేతులు కడుక్కునే సింకు ఉంది. సింకుకు జానెడు దూరంలో పాలు కలిపే బల్ల. దౌలత్ రెండూ కొలిచి, టైము చూసుకుంది. పదకొండూ అయిదు. బల్ల ఎప్పటినుంచి ఇక్కడుందని అడిగితే నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయిన రంజాన్ నెలలో ఎవరో దాత పెద్ద ఫ్రిజ్ ఇచ్చాడట. దాన్ని పత్రికల కెమెరాలకు కనపడేలా గుమ్మం పక్కన పెట్టాలని డైరెక్టరు పట్టుబట్టి, అక్కడున్న బల్లను సింకు పక్కకు జరిపించాడట. దౌలత్‌కు ఒళ్ళు మండింది. డైరెక్టరును పిలిపించి నాలుగు దులపాలనిపించింది గానీ గడియారం చూసి ఊరుకుంది.

ముందు నాలుగో పెట్టెను కిటికీ దగ్గరికి జరిపించింది. తరవాత బిషారాని బట్టలకు పెట్టే నీలం తెమ్మంది. చాకలి గదిలో ఉన్న పొట్లం వచ్చింది. సింకు కన్నంలో నీలం ఇంత పోసి, పాల బల్ల మీదా, పెట్టె ఇంతకు ముందున్న చోటా తెల్ల కాగితాలు పరిచింది. మేజర్ని పిలిచి చేతులు కడుక్కోమంది.

“నేనేం ముట్టుకున్నాను?” అని అతను చిరాకు పడ్డాడు.

“ముట్టుకోకపోయినా పర్లేదు, కడుక్కో నాయనా. ఇన్సాఫ్ ఎంతసేపు కడుగుతుందో అంతసేపు.”

అతను కడుక్కున్నాడు. కుళాయి నీళ్ళు నేరుగా కన్నం మీద పడుతున్నాయి. అతను తువ్వాలు అందుకునేలోపే పాల బల్ల మీది కాగితం నిండా నీలం చుక్కలు లేచాయి. పెట్టె ఉండిన చోట కూడా పదకొండు పడ్డాయి. దౌలత్ ఒక్కొక్కటీ గుండ్రం చుట్టింది. మేజర్ తన తెల్ల చొక్కా వంక చూసుకున్నాడు. కాగితం ఉన్న జేబు మీద కూడా రెండు చుక్కలు.

బిషారా సింకు కింద వంగి గొట్టం మెలిక ఊడదీశాడు. బేసిన్లోకి జారింది నీళ్ళు కాదు, జిగట. బూడిదరంగు జిగట, వేలు మందాన. దానిలోంచి అతను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి గాజుపళ్ళెంలో పెట్టాడు. మొలకెత్తిన మెంతిగింజ. సగం కుళ్ళిన మసూరు బద్ద. రెండు గోధుమలు. గది అంతా మెంతుల వాసన వేసింది. బాలింతలకు కాచే కషాయం వాసన. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఎరిగిన వాసన అది. ఒక నర్సు బయటికి వెళ్ళిపోయింది.

అప్పుడు దౌలత్ మేజర్‌కి ఏం జరిగిందో వరసగా చెప్పింది. రెండేళ్ళ కిందట కాలవకు ఎగువన చేపల చెరువులు తవ్వారు. ఆ చెరువుల నీరు తూములోంచి కాలవలోకి వస్తుంది. అందులోని ఏదో పిచ్చి క్రిమి, మనిషిని ఏమీ చెయ్యనిది, ఉంగరం మోసుకుని కూజాలోకి వచ్చింది. కూజాలోంచి సింకులోకి. సింకు గొట్టంలో ఆస్పత్రి క్రిములు ఎప్పుడూ కాపురం ఉంటాయి, అవి ఈ ఉంగరం పుచ్చుకున్నాయి, తిరిగి తమలో తాము పంచుకున్నాయి. గింజలు నానిన నీళ్ళంటే వాటికి విందుభోజనం. విందు పోసిన ప్రతిసారీ జిగట పెరిగి గొట్టం పైదాకా వచ్చేది. కుళాయి తిప్పినప్పుడల్లా చిమ్మేది. ఒకసారి ఒక జాతి, ఒకసారి ఇంకోటి. బల్ల దూరంగా ఉన్నన్నాళ్ళూ, చెరువులు లేనన్నాళ్ళూ ఏమీ కాలేదు. రెండూ కలిసిన ఈ శరత్కాలంలో పాల సీసాల మీద పడింది.

మేజర్ బేసిన్ వంక చూస్తూ, “చేతులు కడుక్కుంటూ…” అని ఆగిపోయాడు.

“అవును. చేతులు కడుక్కుంటూ.”

“నా భార్యకు నెలలు నిండుతున్నాయి, డాక్టరమ్మా” అన్నాడు కాసేపటికి. అని, జేబులోంచి కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి, సంతకం ఉన్న పక్క లోపలికి వచ్చేలా ఇంకో మడత పెట్టాడు. చింపలేదు. ప్రాసిక్యూటరుకు తనే వెళ్ళి చెప్పాలన్నాడు.

దౌలత్ ఈలోపు నాలుగో పెట్టె పిల్ల చీటీ అందుకుంది. డ్యూటీ డాక్టరు రాసి ఉంచింది ఆ ఆఖరి ఇంజెక్షనే. చెరువుల్లో చేపలు తిన్న మందు. ఉంగరం ఉన్న క్రిములకు అది మంచినీళ్ళతో సమానం. మొదటి ముగ్గురూ ఆ మందు మీదే పోయారు. బిషారా కాగితంలో ఉంగరానికి తెలియని మందు ఒకే ఒక్కటి ఉంది, పాతది, పాతికేళ్ళుగా ఎవరూ వాడక మందుల గది పై అరలో పడి ఉన్నది. అదే రాసింది. పన్నెండూ ఇరవైకి మొదటి మోతాదు ఎక్కింది. పిల్ల బతుకుతుందా అని డ్యూటీ డాక్టరు అడిగితే తెలియదంది. నిజంగానే తెలియదు.

సింకుకు గుడ్డలు కుక్కి, కుళాయికి తీగ చుట్టి, బల్లను గుమ్మం దగ్గరికి జరిపించింది. ఫ్రిజ్‌ను వరండాలోకి తోసేశారు. అంతా అయ్యాక దుప్పట్ల గదికి వెళ్ళడానికి ఆవిడ కాళ్ళు రాలేదు. ఇన్సాఫ్‌ని జైలు నుంచి తప్పించింది. ఇప్పుడు వెళ్ళి ఆమెకు చెప్పబోయేది జైలు కంటే చిన్న శిక్ష ఏమీ కాదు. చెప్పకుండా వెళ్ళిపోతే? గొట్టం పాతదైపోయింది, మార్పించాం అంటే ఆమె నమ్ముతుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో దౌలత్ అలాంటి అబద్ధాలు రెండో మూడో చెప్పింది కూడా. చెప్పినందుకు బాధపడలేదు. కానీ ఈసారి కుదరదు. ఆ కూజా ఇంకెక్కడెక్కడ తిరిగిందో ఇన్సాఫ్‌కొక్కదానికే తెలుసు.

ఒంటిగంటకు లోపలికి వెళ్ళి చెప్పింది. మెల్లగా చెప్పింది, చెరువు గురించి ముందు, బల్ల గురించి ఆ తరవాత, నీళ్ళ గురించి చివర. చెరువు నీ తప్పు కాదు, బల్ల నీ తప్పు కాదు, ఈ తాళం ఉందని ఎవరికీ తెలియదు, అని మళ్ళీ మళ్ళీ అంది. వింటూంటే ఇన్సాఫ్ కన్నీళ్ళు ఆగిపోయాయి.

“మట్టిలో పోసి ఉంటే?” అంది.

దౌలత్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“చెప్పండి డాక్టరమ్మా. అంతా తొక్కే చోట, మట్టిలో పోసి ఉంటే యూనుస్ ఉండేవాడేనా?”

“ఉండేవాడు.”

ఇన్సాఫ్ లేచి నిలబడింది. తలగుడ్డ సవరించుకుని మేజర్ ముందుకు నడిచి రెండు మణికట్లూ కలిపి చాచింది. పొద్దున ఆ బేడీల పేరెత్తితేనే గజగజ వణికిన మనిషి. వెయ్యండి దొరా, అంది, మూడింటిదాకా ఎందుకని. మేజర్ వెనక్కి ఒక అడుగు వేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకున్న బెల్టు పట్టుకున్నాడు.

“దించు తల్లీ, చేతులు దించు” అంది దౌలత్. “నువ్విప్పుడు నాకు కావాలి. ఇది ఇంకెవరన్నా చేస్తున్నారా? ఇంకే వార్డులోనైనా?”

ఇన్సాఫ్ కళ్ళు పెద్దవయ్యాయి. చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆమె దగ్గర పని నేర్చుకుని వెళ్ళిన అమ్మాయి ఒకతె ఉంది, రిహాబ్. నలభై నిమిషాల దూరంలో, పక్క జిల్లా ఆస్పత్రిలో చేస్తోంది. మొన్న ఫోన్ చేసి ఏడ్చింది, మా వార్డులో ఒక బిడ్డ నిలబడేలా లేడు మిస్, ఏడో రోజు కూడా చూడడేమో అని. ఇన్సాఫ్ ధైర్యం చెప్పింది. ఏడో రోజు చెయ్యి, నిలబడతాడు అంది. అక్కడ ఊళ్ళో కాలవ లేదంటే, నిన్న పొద్దున మైక్రోబస్సు డ్రైవరు చేత సీసాడు నీళ్ళు పంపింది. తన ఇంటి ముందు కాలవ నీళ్ళు.

“ఏడో రోజు ఎప్పుడు?” అని మేజర్ అడిగాడు.

“ఇవాళ.”

దౌలత్ ఆ చాచిన చేతుల్లోనే ఆమె ఫోన్ పెట్టింది. ఇన్సాఫ్ రిహాబ్ నంబరు తీసి చూపింది. మేజర్ తీసుకుని తనే నొక్కి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. డ్యూటీలో ఉన్న నర్సులు ఫోన్లు బీరువాలో పెడతారని ఇన్సాఫ్ అంది. మళ్ళీ నొక్కాడు. బయట జీపు సిద్ధం చెయ్యమని తలుపులోంచి కేక వేసి, మూడోసారి నొక్కాడు. వరండాలో మధ్యాహ్నపు ప్రార్థన ముగించుకున్న తండ్రులు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

నాలుగోసారి ఎత్తారు.

“మిస్ ఇన్సాఫ్?” అంది ఒక లేత గొంతు, నవ్వుతూ. “ఇప్పుడే మీకు చేద్దామనుకుంటున్నాను. పేరు పెట్టేశాం మిస్. వాడు పాలు తాగాడు, పది చుక్కలు తాగాడు.”

దౌలత్ ఫోన్ దగ్గరికి వంగి, తనెవరో చెప్పి, కూజాలో నీళ్ళు ఏం చేశావమ్మా అని అడిగింది.

“భయపడకండి డాక్టరమ్మా, మిస్ చెప్పినట్టే చేశాను. ఒక్క చుక్క కూడా కాళ్ళ కింద పడలేదు. మొత్తం సింకులో పోసేశాను.”

మేజర్ అప్పటికే తలుపు తీశాడు. దౌలత్ ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో ఇన్సాఫ్ మోచెయ్యి పట్టుకుని అతని వెనకే నడుస్తూ, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి ప్రయత్నించింది.

“మంచిదమ్మా. కుళాయి ముట్టుకోకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు. సింకు పక్క పెట్టెలో ఎవరున్నారు?”

“కవలలు డాక్టరమ్మా” అంది రిహాబ్. “ఇప్పుడే చేతులు కడుక్కుని వాళ్ళకు పాలు పట్టాను.”